పిడికెడు బియ్యం కింద

పోయిన వారం భాగ్యశ్రీని హాలియా బస్సులో, ముందు తలుపు పక్కన కూలబడిన చోట వదిలిపెట్టి వచ్చాం. టికెట్ల మిషను ఒళ్లోనే ఉంది, ఊపిరి మాత్రం ఎక్కడికో పోయింది. కండక్టరమ్మకు ఎండ తగిలిందని ఎవరో సోడా తాగించారు. ఫిబ్రవరి నెలలో ఎండ తగలడమేమిటని ఎవరూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు. నోరు విప్పితే చెప్పాల్సింది చాలా ఉంది మరి.

కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు. భాగ్యశ్రీ నల్లగొండ డిపోలో కండక్టరు, వయసు ముప్పై నాలుగు. రెండేళ్లుగా గుండెదడ, చేతుల వణుకు, కన్ను మూస్తే రేపటి దిగులు. డాక్టరు గోళీలు రాసిచ్చాడు. ఆర్నెల్లు వాడేసరికి మనిషి మనిషిలా అయింది. అంతలో జనవరి ఒకటో తారీఖు వచ్చింది. ఆ రోజు ఆరాధనలో తలా ఒక వాగ్దాన కార్డు తీసుకుంటే, ఆమె చేతికొచ్చిన కార్డు మీద, మీ బరువులు నా దగ్గర దించుకోండి, విశ్రాంతి ఇస్తాను అన్న బైబిలు వాక్యం ఉంది. పాస్టరు డానియల్ భార్య, పాస్టరమ్మ మనస్విని ఆ కార్డు చూసి ఆమెను కావలించుకుని ఏడ్చింది. "ప్రభువే విశ్రాంతి ఇస్తనంటుంటే నీకింక గోళీలతోని ఏం పని బిడ్డా" అంది. భాగ్యశ్రీ బ్యాగులోంచి నాలుగు గోళీల షీట్లు తీసి బలిపీఠం మెట్టు మీద పెట్టేసింది. నాకు నయమైపోయిందని మైకులో సాక్ష్యం చెప్పింది. ఆ సాక్ష్యం ఫోన్లలో పడి ఆలేరు దాకా పోయింది.

ఇవాళ్టికి నలభై ఆరు రోజులు. ఆమె కంటినిండా నిద్రపోయిన రాత్రి ఇందులో ఒక్కటీ లేదు.

ఇవాళ ఆదివారం, సంఘానికి ఉజ్జీవ కూడికలు, అంటే పెద్ద ప్రార్థన సభలు. సాయంత్రం ఐదింటికి, షామియానా కింద ఆరువందల మంది ముందు, అదే సాక్ష్యం మళ్లీ చెప్పాలి. చెప్పలేనని పాస్టరమ్మకు ఒక్క మాట చెప్పి వద్దామని భాగ్యశ్రీ మూడున్నరకే బయల్దేరింది. చంకలో బియ్యం సంచి ఉంది.

గేటు దగ్గరే ఒక ముసలామె ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వేనా బిడ్డా, ఫోన్ల సాక్ష్యం జెప్పినామె? నా పేరు నర్సింగమ్మ. ఆలేరు నుంచి రెండు బస్సులు మారి ఒచ్చిన."

"కూసో అవ్వా. అన్నం తిన్నవా?"

"తిన్న, తిన్న. గిది జూడు." ముసలామె కొంగు ముడిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో గోళీల షీట్లున్నాయి. "నా బిడ్డ నాగరాణియి. ఫిట్స్ గోళీలు. ఎనిమిదేండ్ల సంది మింగుతాంది. నువ్వు సాక్ష్యం జెప్పినంక, నువ్వు పెట్టినట్టే నేను గూడ గీ మెట్టు మీద పెడ్త. నిన్న రాత్రికెల్లే ఆపిచ్చిన."

ఫిట్స్ గోళీలు ఆపితే ఏమవుతుందో భాగ్యశ్రీకి తెలుసు. ఒకసారి ఆమె బస్సులోనే ఒక పిల్ల సీట్ల మధ్య పడి కొట్టుకుంది. మానిపియ్యకు అవ్వా అనబోయింది. కానీ ఏ నోటితో అంటుంది? నేను మానేశాను, బాగుపడ్డాను అని లోకమంతా చాటింది ఈ నోరే కదా. "జర ఆగు అవ్వా, ఇప్పుడే ఒస్త" అని చెయ్యి విడిపించుకుని, గుడి వెనకున్న పాస్టరు ఇంట్లోకి నడిచింది. పాస్టరమ్మ ఒప్పుకుంటే సాక్ష్యం ఆగుతుంది, ముసలామె కవరు తీసుకుని ఇంటికి పోతుంది. అంతకన్నా ఆమెకు ఏ ఆశా లేదు.

ఇంట్లో ఎవరూ లేరు. ఆడవాళ్లంతా వెనక రేకుల పందిరి కింద కూరగాయలు తరుగుతున్నారు.

ఇక్కడ ఆ బియ్యం సంచి సంగతి చెప్పాలి. ఈ సంఘంలో ఆడవాళ్లకు ఒక అలవాటుంది. ఏ పూటకాపూట అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు. అది దేవుని పాలు. ఇంట్లో కూలి గింజలు తప్ప మరేం లేని రోజుల్లో మొదలైన అలవాటు, కొడుకులు నెలజీతాల ఉద్యోగాల్లో చేరాక కూడా పోలేదు. భాగ్యశ్రీ అత్త బిక్షమ్మ నలభై ఏళ్లుగా ఒక్క పూట తప్పలేదు. ఆదివారం ఆ బియ్యమంతా తెచ్చి గుడిలో గంపలో పోస్తారు, గంప పాస్టరు ఇంటికి పోతుంది. అక్కడ పెద్ద ఇనప డబ్బాలో మాత్రం మనస్వినే స్వయంగా పోసుకుంటుంది. ఎవరినీ వంటింట్లోకి రానియ్యదు. "నేను పోస్కుంటలే, మీరు శ్రమ పడకుండ్రి" అంటుంది. ఎంత ఒద్దికైన మనిషి అని అందరూ మెచ్చుకునేవాళ్లు. మెచ్చుకున్న వాళ్లలో భాగ్యశ్రీది మొదటి నోరు.

ఇవాళ కూడికల హడావుడిలో గంప పెట్టలేదు. సంచి పట్టుకుని ఎంతసేపు నిలబడుతుంది? వంటింట్లోకి పోయి డబ్బా మూత తీసి పోసింది. బియ్యం కుప్పగా పైకి తేలాయి, మూత పడలేదు. సదురుదామని చెయ్యి లోపలికి పెట్టింది. మోచేతి దాకా పోయాక వేళ్లకు ఏదో కవరు తగిలింది.

పురుగు పట్టకుండా వేపాకు వేస్తారు కదా, అదేమో అనుకుంది. లాగింది.

గోళీల షీట్లు. వాటి వెనక, వెండి రేకు మీద, నీలం పెన్నుతో రాత. సో, మం, బు, గు. డ్యూటీలు మారినప్పుడల్లా గోళీ వేసుకుందో లేదో మరిచిపోతోందని ఒక్కో గోళీ వెనక వారం పేరు రాసుకుంది ఆమె. అది ఆమె రాతే. శుక్రవారం దగ్గర పెన్ను జారి గీత పక్కకు పోయింది, ఆ గీత కూడా అట్లాగే ఉంది. జనవరి ఒకటిన బలిపీఠం మెట్టు మీద పెట్టిన షీట్లు. నాలుగూ ఉన్నాయి, నాలుగూ ఖాళీగా ఉన్నాయి. వాటి కింద ఐదో షీటు, కొత్తది, సగం వాడింది, మందుల షాపు కాగితం కవరులో ఉంది.

"ఎవరది లోపల?"

మనస్విని గుమ్మంలో నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి, తెల్లచీర, ఎప్పుడూ చెదరని ముఖం. ఆ ముఖం చూస్తేనే సగం దిగులు పోతుందని సంఘంలో చెప్పుకుంటారు. భాగ్యశ్రీ చేతిలోది చూసేసరికి ఆ ముఖం తేలు కుట్టిన దొంగ ముఖమైంది.

"బియ్యం పోద్దామని ఒచ్చిన అమ్మగారు" అంది భాగ్యశ్రీ. "ఇవి బోరుగుంతల పడేసిన అని చెప్పిండ్రు గదా మీరు. ఆ ముక్క నేను మైకుల సుత చెప్పిన."

మనస్విని లోపలికొచ్చి తలుపు దగ్గరేసింది. "మెల్లగ మాట్లాడు భాగ్యా. బయట ఆడోళ్లున్నరు."

"ఎవరు మింగిండ్రు ఇవి?"

మనస్విని తలుపుకు గడియ కూడా పెట్టింది.

"అయ్యగారా?"

"ఆయనకు తెల్వదు. తెలిస్తే ఇంకేమన్న ఉన్నదా." మనస్విని గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. "నేనే."

బయట కత్తిపీటల చప్పుడు, ఎవరిదో నవ్వు. భాగ్యశ్రీ నిలబడే ఉంది. ఆమెకు కోపం రాలేదు, ఇంకా రాలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయంటారే, ఆ బుర్రలు చేతిలో పెట్టుకుని చూస్తున్న మనిషిలా చూస్తోంది.

"పడేద్దామనే తెచ్చిన" అంది మనస్విని. "ఒట్టు. ఆ పొద్దు గుడి నుంచి ఇంటికొచ్చేటాల్లకు నాకు ఊపిరాడలే. నాకు గిది కొత్త గాదు భాగ్యా, పదేండ్ల సంది ఉన్నది. ఎవ్వరికి చెప్పుకోను? చేతిల నీ గోళీలుండె. ఒక్కటి మింగిన. తెల్లారి ఏడింటిదాంక లేవలే. గట్ల పండుకోని ఎన్నేండ్లాయెనో నాకే యాదికి లేదు."

"నా నిద్ర మీరు పండుకున్నరన్నట్టు."

ఆ మాటకు మనస్విని కళ్లు తుడుచుకుంది. "నువ్వు దవాఖానకు పోతే ఎవ్వరడుగుతరు చెప్పు. పది మందిల ఒకతివి. నేను ఆ మెట్లెక్కితే పొద్దుమీకేటాల్లకు సంఘమంత తెలుస్తది. నెత్తి మీద చెయ్యి పెట్టి అందరి భయం పోగొట్టే మనిషికి భయమేందని నవ్వరా? అయ్యగారు పీఠం మీద నిలబడి, భయపడేటోడికి విశ్వాసం లేదని చెప్తుంటే, నేను కింద కూసోని చీర కొంగు పిసుక్కుంటుంట."

నిజమే, పాపం అనిపించే మాటలే. ఇంకెవరైనా చెప్పి ఉంటే భాగ్యశ్రీ పక్కన కూర్చుని వీపు నిమిరేది. కానీ ఇప్పుడు ఆమెకు పోయిన బుధవారం గుర్తొచ్చింది, దానితో కోపం కూడా వచ్చింది.

"బస్సుల కూలబడ్డ నాడు మీకే ఫోన్ జేస్తి అమ్మగారు. మా అమ్మకు చెయ్యలే, మా అత్తమ్మకు చెయ్యలే. మీకు జేసిన. సచ్చిపోతనేమో అనిపిస్తాంది అన్న. మీరేమన్నరో యాదున్నదా?"

మనస్విని చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"నీ విశ్వాసం సన్నబడ్డదన్నరు. మూడు పూటలు ఉపాసముండమన్నరు. ఉన్న. మంచినీళ్లు తాగి డ్యూటీ జేసిన. గప్పుడు మీ కడుపుల నా గోళీ ఉన్నది. ఒద్దని నాకు చెప్పుడు, నావే మీరు మింగుడు. గిదేం న్యాయం?"

కంచే చేను మేసింది. ఇంతకాలం ఆమె తనను తాను తిట్టుకుంది. నలభై ఆరు రాత్రులు పైకప్పు చూస్తూ, అందరి మొర విన్న దేవుడు నా మొర ఎందుకు వినడం లేదు, నా నమ్మకంలో ఎక్కడ చిల్లు పడింది అని తనలో తాను వెతుక్కుంది. చిల్లు ఇక్కడ, ఈ వంటింట్లో ఉంది. ఏడ్చేసింది. దాచుకోలేదు.

ఏడుస్తూ ఏడుస్తూనే కాగితం కవరు వైపు చూసింది. టికెట్టు మీద నంబరు చూడకుండా వదిలే అలవాటు లేని కళ్లవి. షాపతను కవరు మీద పేరు రాశాడు, భాగ్యశ్రీ అని. పక్కన తారీఖు, ఫిబ్రవరి ఎనిమిది.

"ఇది ఎనిమిది రోజుల కింద కొన్నది. నా పేరు మీద." ఆమె ఏడుపు ఆగిపోయింది. "డాక్టరు చీటీ లేకుంట ఏ షాపోడు ఇయ్యడు ఇవి. నా చీటీ మా బీరువాల, పెండ్లి చీర కింద ఉన్నది."

సరిగ్గా అప్పుడే బయట మైకు గరగరమంది. "హలో, హలో. మైక్ టెస్టింగ్. ప్రభువుకు స్తోత్రం." జానీ గొంతు. భాగ్యశ్రీ భర్త జానీ, సంఘంలో కీబోర్డు వాయిస్తాడు, మైకులు చూసుకుంటాడు. మనస్విని కళ్లు కిటికీ వైపు పోయి, అక్కడే ఆగిపోయాయి.

"జానీనా?"

"నేనే అడిగిన" అంది మనస్విని. "నీ షీట్లు అయిపోయినయి. ఆగలేకపోయిన. ఎవ్వరికి చెప్పకని బతిమిలాడి అడిగిన. తెచ్చిండు."

"మీ కోసమని తెలిసే తెచ్చిండా?"

"తెలిసే."

"నేను గోడలు పట్టుకోని నడుస్తున్న, ఆయన సూస్తాండు. నా కాళ్లు పిసికిండు. నా పక్కన మోకాళ్ల మీద కూసోని ప్రార్థన జేసిండు."

"నేనన్న భాగ్యా, అబద్ధమాడ. భాగ్యకు సుత రెండియ్యరాదా జానీ, ఎవ్వరికి తెల్వకుంట, అన్న. కూడికలు గానియ్యి అమ్మగారు అన్నడు. సాక్ష్యం అయినంక జూద్దాం అన్నడు. ఇయ్యాల సాయంత్రమే గదా ఆయనను సంఘ పెద్దగ నిలబెట్టేది. నీ సాక్ష్యం మీదనే గదా ఇంత పేరొచ్చింది."

పదకొండేళ్ల కాపురం. జీతం రానప్పుడు తట్టుకుంది, కడుపులో పిల్ల నిలవనప్పుడు తట్టుకుంది. ఆ రెండుసార్లూ పక్కన జానీ ఉన్నాడనే తట్టుకుంది. ఆ మనిషే చీర మడత కింద చెయ్యి పెట్టి చీటీ తీసి, చీర మళ్లీ నలగకుండా సర్దిపెట్టాడు. భాగ్యశ్రీ డబ్బా పక్కనే కూలబడింది. వచ్చింది, అదే దడ. చెవుల్లో హోరు, వేళ్లలో చీమలు.

మనస్విని ఆమె మోకాళ్లు పట్టుకుంది. "ఇయ్యాల ఒక్కనాడు చెప్పు. నీ కాళ్లు మొక్కుత. రేపు పొద్దుగాల నేనే నిన్ను డాక్టరు తాన్కి తోల్కపోత."

భాగ్యశ్రీ కళ్లు మూసుకుంది. మామూలుగా అయితే ఈపాటికి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టేది, అందరికీ వినపడేలా, పాస్టరమ్మ నేర్పిన మాటలతో. ఇప్పుడు ఒక్క మాట కూడా గుర్తు రాలేదు. ప్రభువా, నా తోటి అబద్ధం చెప్పిచ్చిండ్రు, అనుకుంది. కాసేపాగి, చెప్పింది మాత్రం నేనే, అనుకుంది. అంతే. ఇంకేం అడగలేదు.

మోస్తున్న బరువు తన దగ్గర దించుకొమ్మన్నాడు ఆయన. ఆమె అన్నీ దించింది, గోళీలు కూడా దించింది. ఈ అబద్ధాన్ని మాత్రం నలభై ఆరు రోజులుగా నెత్తిన పెట్టుకుని తిరుగుతోంది. గోళీలు దించమని ఆయన ఎప్పుడడిగాడు? ఆ ఆలోచనతో ఆమె చెయ్యి బియ్యంలోకి పోయింది. చల్లగా ఉన్నాయి. ఎన్ని ఇళ్ల పిడికిళ్లో. దడ ఎప్పుడు తగ్గిందో ఆమెకు తెలియలేదు గానీ, ఒక ఆవలింత వచ్చింది. దవడలు నొప్పి పుట్టేంత పెద్ద ఆవలింత. నలభై ఆరు రోజుల తర్వాత మొదటిది. ఏడ్చిన కళ్లతో ఆమెకు నవ్వొచ్చింది.

"పానం జర నిమ్మలమైంది అమ్మగారు" అంది లేస్తూ. కొత్త షీటు పిడికిట్లో పెట్టుకుంది. మనస్విని వద్దనలేదు, ఇమ్మని అడగనూ లేదు.

ఐదింటికి పిలుపు వచ్చింది. వేదిక మెట్ల దగ్గర జానీ ఇస్త్రీ చొక్కాలో వెలిగిపోతున్నాడు. మైకు అందిస్తూ వంగి చెవిలో అన్నాడు. "దడ గిట్ల ఉన్నదా? జర ఓర్చుకో. పది నిమిషాలే."

"జానీ, బీరువ తాళం నీ దగ్గరనే ఉన్నదా?"

అతని చెయ్యి మైకు మీదే ఆగింది. ఆమె మైకు లాక్కుని పైకెక్కింది.

ఆరువందల ముఖాలు. ముందు వరసలో నర్సింగమ్మ, ఒళ్లో కవరు, అప్పుడే సగం లేచి ఉంది.

"అందరికి వందనాలు. నర్సింగమ్మవ్వా, నువ్వు కూసో. ఆ కవరు మెట్టు మీద పెట్టకు. ఇంటికి ఫోన్ జెయ్యి, షాపుల తెప్పిచ్చి నాగరాణికి గీ పూట గోళీ ఎయ్యమని..."

మైకు చచ్చిపోయింది. భాగ్యశ్రీ పక్కకు చూసింది. జానీ చెయ్యి యాంప్లిఫయర్ మీద ఉంది.

పాపం, అతను ఒకటి మరిచిపోయాడు. కిక్కిరిసిన బస్సులో వెనక సీటు దాకా వినపడే గొంతు ఆమెది. దానికి మైకుతో పనిలేదు. ఆమె మైకు కింద పెట్టింది.

"నేను జనవరిల చెప్పింది అబద్ధం. గోళీలు ఆపిన కాడికెల్లి నేను పండుకోలే. దేవుడు ఆపమనలే. ఆయన బరువు దించుకోమన్నడు, మందు పారెయ్యమనలే. మనుషులు చెప్పిండ్రు, నేను ఇన్న. గీ అబద్ధం దించినంకనే నాకు నిమ్మలమైంది."

షామియానా కింద గుసగుసలు లేచాయి. పాస్టరు డానియల్ కుర్చీలోంచి లేచాడు. ఆయనకన్నా ముందు జానీ రెండు చేతులూ ఊపుతూ వేదిక మీదికి ఉరికాడు.

"ఆమె మాటలు పట్టించుకోకుండ్రి. మా ఇంటామెకు తల బాగలేదు. గోళీలు ఆపేసిన కాడికెల్లి గిట్లనే జేస్తాంది."

అన్నాక గానీ అతనికి తెలియలేదు ఏమన్నాడో. నర్సింగమ్మ కవరును కొంగులో పెట్టి రెండు ముళ్లేసి, జాకెట్లో దోపుకుంది.

డానియల్ మెల్లగా భాగ్యశ్రీ దగ్గరికొచ్చాడు. ఆయన ముఖంలో కోపం కన్నా భయమే ఎక్కువుంది. "మనుషులు చెప్పిండ్రంటున్నవ్ సిస్టర్. ఎవరు? సంఘం ముందట పేరు చెప్పు."

భాగ్యశ్రీ పిడికిలి విప్పింది. అరచేతిలో షీటు ఉంది, దాని అంచుకు రెండు బియ్యం గింజలు అంటుకుని ఉన్నాయి. ఆమె నోరు తెరిచేలోగా ఆడవాళ్ల వైపు, చివరి వరసలో, తెల్లచీర లేచి నిలబడింది.

"ఆమెను అడగకుండ్రి" అంది మనస్విని. "ఆ గోళీలు నావి."